పార్టు దొరుకుతుంది, దాని వెనక తీగ ఉందా?

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మాది అనంతపురం. కళ్యాణదుర్గం దారిలో ఒక పల్లె బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. రోజూ రానూ పోనూ 80 కిలోమీటర్లు. నాలుగు నెలల కిందట అప్పు తీసుకుని చిన్న కారు కొన్నాము. బేస్ మోడల్. టాప్ మోడల్ కావాలంటే ఇంకో 2 లక్షల 10 వేలు పెట్టాలి, మా వల్ల కాలేదు. బండి బాగానే ఉంది. కానీ పాటలు లేవు. వెనక తలుపుల అద్దాలు చేత్తో తిప్పాలి. వెనక వైపర్ లేదు. పక్క అద్దాలను లోపలి పుల్ల కదిపి సర్దుకోవాలి. మా మరిది ఒక షాపులో మాట్లాడాడు. టాప్ మోడల్ సామాను బెంగళూరు నుంచి తెప్పించి 95 వేలకు అన్నీ బిగిస్తారట. టచ్ స్క్రీను, రివర్స్ కెమెరా, స్టీరింగు మీద బటన్లు, క్రూజ్ కంట్రోల్ (కాలు తీసినా బండి ఒకే వేగంతో పోయే ఏర్పాటు), కరెంటుతో కదిలే పక్క అద్దాలు, వెనక పవర్ విండోలు, వెనక వైపర్, డీఫాగర్ (వెనక అద్దం మీది ఆవిరి పొరను పోగొట్టే వేడి గీతలు), ఫాగ్ ల్యాంపులు, అల్లాయ్ చక్రాలు, చివరికి పక్క ఎయిర్‌బ్యాగులు కూడా. 'వైరింగంతా లోపలే ఉంటుంది, సామాను తగిలించడమే' అంటున్నారు. 5 వేలు అడ్వాన్సు ఇచ్చాము. షోరూము వాళ్లేమో ఏది ముట్టుకున్నా వారంటీ పోతుందంటున్నారు. మా మామగారికి మోకాళ్ల నొప్పులు, వెనక సీట్లో కూర్చుంటారు. బాబుకు నాలుగేళ్లు. ఏవి పెట్టించుకోవాలి, ఏవి వద్దు? - ఒక టీచరు, అనంతపురం

సమాధానం: చెల్లెమ్మా, లిస్టు చివర రాసిన ఎయిర్‌బ్యాగుల సంగతి నేను మొదట చెప్పాలి. పక్క ఎయిర్‌బ్యాగులు 'పెట్టేస్తాం' అన్న షాపుకు మీ బండి తాళం ఇవ్వకండి. అవి ఒక్కటి వద్దని చెప్పి మిగిలిన పని అక్కడే చేయించుకుందామని కూడా అనుకోకండి. తెలియక అన్నారో, తెలిసి అన్నారో నాకు అనవసరం. ఆ మాట అనగలిగినవారు మీ బండిలో ఏ తీగనైనా కోయగలరు.

ఎయిర్‌బ్యాగు అంటే సీటులో దాచిన గుడ్డ సంచి ఒక్కటే కాదు. తలుపు పక్క స్తంభంలో దెబ్బను పసిగట్టే సెన్సారు ఉండాలి. ఆ కబురు అందుకుని పేల్చాలా వద్దా అని రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో తేల్చే కంప్యూటరు ఉండాలి. ఆ కంప్యూటరుకు ఈ బండిలో పక్క బ్యాగులు ఉన్నాయని కంపెనీ నేర్పి ఉండాలి. సీటు కుట్టు కూడా సరిగ్గా ఒకచోట చిట్లేలా కుట్టి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆ బ్యాగు ప్రమాదంలో తెరుచుకోదు, లేదా ఊరికే నిలబడి ఉన్నప్పుడు తెరుచుకుంటుంది. పైగా బయట దొరికేవి ప్రమాదమైన బళ్ల నుంచి విప్పినవి కావచ్చు. మీ బండిలో ముందు రెండు బ్యాగులు ఎలాగూ ఉన్నాయి. డ్రైవరు పక్క సీటుకు కూడా బ్యాగు ఉండాలన్న నిబంధన 2021 డిసెంబరు 31 గడువుతో అన్ని మోడళ్లకూ వచ్చేసింది, కాబట్టి మీకు బేస్ మోడల్‌లోనూ అవి తప్పవు. ఏబీఎస్ బ్రేకులు, అంటే గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేవి, 2019 ఏప్రిల్ నుంచే తప్పనిసరి. రివర్స్ చేసేటప్పుడు కీచుమనే వెనక సెన్సార్లు, బెల్టు పెట్టుకోమని గుర్తుచేసే మోత, 80 దాటితే హెచ్చరించే మోత, ఇవి 2019 జూలై 1 నుంచి ఉన్నవే. ఆ షాపు వాళ్లు 'సెన్సార్లు కూడా వేస్తాం' అంటే, ఉన్నదానికే మళ్లీ డబ్బు తీసుకుంటున్నారని అర్థం.

ఇక 'వైరింగంతా లోపలే ఉంటుంది' అన్న మాట. నేను బళ్ల కరెంటు పనిలో ఇరవై రెండేళ్ల నుంచి ఉన్నాను. ఈ ఒక్క మాట నమ్మి చేతులు కాల్చుకున్నవారిని ఎంతమందిని చూశానో చెప్పలేను. ఆ మాట పూర్తి అబద్ధం కాదు, అందుకే ప్రమాదం. కొన్ని బళ్లలో కొన్ని తీగలు నిజంగానే ఉంటాయి. రెండు రకాల వైరింగు కట్టలు తయారుచేసి, రెండు రకాలుగా నిల్వ పెట్టి, ఏ బండికి ఏది వేయాలో చూసుకోవడం కన్నా అన్నింటికీ ఒకటే వేయడం కంపెనీకి చవకగా పడితే అలాగే వేస్తారు. అప్పుడు మీ బేస్ మోడల్‌లో కూడా కప్లరు, అంటే పార్టుకు తగిలించే తీగ కొసన ఉండే ప్లాస్టిక్ జోడు, లోపల టేపు చుట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. రాగి ఖరీదు ఎక్కువై, వేరు కట్ట వేయడమే లాభమైతే లోపల ఏమీ ఉండదు. ఒకే బండిలో ముందు బంపరు దాకా తీగ ఉండి, వెనక తలుపులకు ఉండకపోవచ్చు.

మన పక్కనే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో బళ్లు రావడం మొదలైంది కదా. ఏ కంపెనీ ఫ్యాక్టరీలోనైనా పద్ధతి ఒకటే. రంగు వేసిన ఉత్త రేకు డొల్లలో ముందు ఈ తీగల కట్టను పరుస్తారు. డ్యాష్‌బోర్డు, కార్పెట్, సీట్లు, తలుపుల ప్యాడ్లు అన్నీ దాని మీదికి తర్వాత వస్తాయి. ఇల్లు కట్టాక గోడలో పైపు వేయాల్సి వస్తే ఎలా ఉంటుందో, బండి తయారయ్యాక తీగ వేయడం అలాగే ఉంటుంది. పార్టు కొనడం తేలిక, దాని దాకా దారి వేయడమే కష్టం. ఆ దారి ఉందో లేదో తెలియకుండా ఒక్క పార్టు కూడా కొనవద్దు.

తెలుసుకోవడానికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది చాలామందికి తెలియదు, పైసా ఖర్చు లేదు. మీ కంపెనీ సర్వీసు సెంటరులో పార్టుల కౌంటరు ఉంటుంది. ఆర్.సి. జిరాక్సు తీసుకుని అక్కడికి వెళ్లండి, సర్వీసు సలహాదారు దగ్గరికి కాదు. 17 అక్షరాల చాసిస్ నంబరు కొడితే మీ బండిలో ఏ పార్టు వేశారో వారి కంప్యూటరులో కనబడుతుంది. 'నా బండికి వెనక తలుపు వైరింగు పార్టు నంబరు ఎంత? టాప్ మోడల్‌కు ఎంత?' అని అడగండి. రెండు నంబర్లూ ఒకటే అయితే తీగ మీ తలుపులో ఉన్నట్టే. వేరైతే చాలావరకు లేనట్టే. అలాగే డ్యాష్‌బోర్డు వైరింగు, డిక్కీ తలుపు వైరింగు, ముందు బంపరు వైరింగు నంబర్లు కూడా అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. పది నిమిషాల పని. కౌంటరు దగ్గర కుర్రవాళ్లు ఖాళీగా ఉండే సమయం చూసుకుని వెళితే ఓపికగా చెబుతారు.

రెండోది విప్పి చూడటం. వెనక తలుపు సంగతే చెబుతాను. అద్దం తిప్పే హ్యాండిలు వెనక సన్నని ఇనుప క్లిప్పు ఒకటి ఉంటుంది. పాత గుడ్డ పేలికను హ్యాండిలుకూ ప్యాడ్‌కూ మధ్య దూర్చి, రెండు కొసలూ పట్టుకుని చెప్పులకు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే క్లిప్పు ఎగిరి వస్తుంది. ఎటు పడుతుందో చూసుకోవాలి, లేకపోతే సాయంత్రం దాకా వెతకాలి. తలుపు లాగడానికి పట్టుకునే గిన్నె అడుగున చిన్న మూత కింద ఒక స్క్రూ, లోపలి గడియ దగ్గర ఇంకొకటి. అవి తీశాక ప్యాడ్‌ను కింది నుంచి లాగితే ప్లాస్టిక్ మేకులు ఒక్కొక్కటే టప్ టప్‌మని ఊడతాయి. దాని వెనక నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. వాన నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే, చింపకుండా ఒక మూల నుంచి నెమ్మదిగా ఒలవాలి. తలుపుకూ స్తంభానికీ మధ్య ముడతలు ముడతలుగా నల్ల రబ్బరు గొట్టం కనబడుతుంది, తీగలు తలుపులోకి వచ్చేది దాని గుండానే. దాన్ని రెండు వేళ్లతో నొక్కితే చాలు. గట్టిగా ఉంటే లోపల తీగలున్నాయి, అవి అద్దానివో తాళానివో కప్లరు చూసి తేల్చుకోవాలి. ఖాళీ బూరలా అణిగిపోతే లేవు. ఈ పని మీరు చేయనక్కరలేదు, చేసేవారి పక్కన నిలబడి చూడండి.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మూడేళ్ల కిందట మే నెల మధ్యాహ్నం నలుగురు ఒక కారును మా షెడ్డుకు తోసుకుంటూ తెచ్చారు. అదీ బేస్ మోడలే. పెళ్లికి వెళ్లి వస్తుంటే డ్యాష్‌బోర్డు నుంచి పొగ వచ్చిందట, పిల్లల్ని దింపి బ్యాటరీ పీకేశారు. నేను స్టీరింగు కింద తల పెట్టి చూస్తే ఒక ఎర్ర తీగ. ఎవరో స్క్రీనుకూ ఫాగ్ ల్యాంపులకూ కలిపి బ్యాటరీ నుంచి నేరుగా లాగారు, మధ్యలో ఫ్యూజు లేదు. కొసలను చేత్తో మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. మన ఊళ్లో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అద్దాలు మూసిన బండి లోపల అంతకన్నా చాలా ఎక్కువ. ఆ వేడికి టేపు జిగురు కరిగి పాకంలా జారింది. రాగి బయటపడి డ్యాష్‌బోర్డు ఇనుప కమ్మీకి తగిలింది. ఫ్యూజు లేదు కాబట్టి ఆపేది ఏదీ లేక తీగ పొడవునా కాలి, పక్కనున్న కంపెనీ తీగలను కూడా కాల్చింది. ఆ కట్ట మొత్తం మార్చడానికి అయిన ఖర్చు స్క్రీనూ ల్యాంపులూ కలిపి కొన్నదాని కన్నా చాలా ఎక్కువ. ఆ ఇంటి చిన్న పాప చేతిలో పెళ్లి నుంచి తెచ్చుకున్న లడ్డూ పొట్లం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

అందుకని ఏది బిగించినా మూడు షరతులు పెట్టండి. కంపెనీ తీగను కోయకూడదు, కప్లరుకు కప్లరే తగలాలి. బ్యాటరీ నుంచి కొత్త తీగ వస్తే, బ్యాటరీకి జానెడు దూరంలోపే దానికి ఫ్యూజు ఉండాలి. అతుకులు టంకం వేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి, ఉత్త టేపు పనికిరాదు. ఈ మూడూ విని ముఖం చిట్లించినవారి దగ్గర పని చేయించుకోవద్దు.

ఇప్పుడు మీ లిస్టుకు వద్దాం. కెమెరా, స్క్రీను తప్పకుండా పెట్టించుకోండి. ఇంట్లో నాలుగేళ్ల బిడ్డ ఉన్నప్పుడు మొదట పెట్టాల్సిన డబ్బు ఇదే. వెనక సెన్సారు గోడను పసిగట్టినంత బాగా, వంగి బంతి తీసుకుంటున్న బిడ్డను పసిగట్టదు. మీ మోడల్‌కు సరిపడే కప్లరు జతచేసి ఇచ్చే స్క్రీన్లు ఉన్నాయి, ఆ జత లేకుండా కొనవద్దు. కెమెరా తీగ డిక్కీ తలుపు పైనున్న రబ్బరు గొట్టంలోంచే రావాలి. తలుపు సందులోంచి తెస్తే తలుపు మూసిన ప్రతిసారీ నలిగి ఏడాదిలో తెగుతుంది. బండి ఆపి తాళం తీసేశాక స్క్రీను పూర్తిగా ఆరిపోతోందో లేదో అక్కడే చూసుకోండి. ఆరకపోతే దసరా సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి బ్యాటరీ దిగిపోయి ఉంటుంది.

స్టీరింగు మీద బటన్లు చూడటానికి చిన్నవి. కానీ అవి పెట్టాలంటే స్టీరింగు నడుమనున్న ఎయిర్‌బ్యాగు విప్పాలి. దాని కింద చుట్టలా ఉండే రిబ్బను తీగను కూడా మార్చాల్సి రావచ్చు. చక్రం ఎన్ని చుట్లు తిరిగినా తెగకుండా బ్యాగుకు, హారనుకు కరెంటు అందించేది అదే. దాన్ని నడిమధ్యకు సరిచూసి పెట్టకపోతే ఒకరోజు మలుపులో తెగుతుంది, ఎయిర్‌బ్యాగు దీపం వెలుగుతుంది, ఆ తర్వాత బ్యాగు ఉన్నా లేనట్టే. బండిలో పసుపు రంగు కప్లరు ఎక్కడ కనబడినా అది ఎయిర్‌బ్యాగుదని గుర్తు, దాన్ని బయటివారు ముట్టుకోకూడదు. బటన్ల మీద అంత మనసైతే కంపెనీ సర్వీసు సెంటరులోనే చేయించండి. నన్నడిగితే, చెయ్యి చాస్తే అందే స్క్రీనుకు మళ్లీ బటన్లు ఎందుకు?

క్రూజ్ కంట్రోల్ వద్దు. 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరుకు రోజూ వెళ్లేవారైతే ఆలోచించమనేవాణ్ని. మీ కళ్యాణదుర్గం దారిలో గొర్రెల మందలు, ట్రాక్టర్లు, ఊరికో స్పీడు బ్రేకరు. కాలు ఎప్పుడూ బ్రేకు మీద సిద్ధంగా ఉండాల్సిన దారి అది. పైగా బటను ఒక్కటే తగిలిస్తే అది పనిచేయదు. ఇంజను కంప్యూటరులో కంపెనీ స్కానరుతో దాన్ని తెరవాలి, బ్రేకు పెడల్ దగ్గర స్విచ్చి కూడా దానికి తగ్గదై ఉండాలి.

వెనక పవర్ విండోల విషయంలో మీకు నచ్చని మాట చెబుతున్నాను. బాబు ఇంకాస్త పెద్దవాడయ్యే దాకా ఆగండి. బయట దొరికే చవక మోటార్లలో చెయ్యి అడ్డొస్తే ఆగే ఏర్పాటు సాధారణంగా ఉండదు. పిల్లవాడు అద్దంలోంచి తల బయటపెట్టి, మోకాలు స్విచ్చి మీద ఆనిందనుకోండి. చేత్తో తిప్పే హ్యాండిలుతో ఆ ప్రమాదం లేదు. మామగారికి మోకాళ్లే కదా నొప్పి, చేతులు కాదు. ఎండాకాలం ఎలాగూ ఏసీ వేసి అద్దాలు మూసే ఉంచుతారు. తర్వాత పెట్టించినా, డ్రైవరు తలుపు దగ్గర నుంచి వెనక స్విచ్చిలను ఆపేసే బటను ఉన్న కంపెనీ సెట్టే తీసుకోండి. ఈలోగా వెనక తలుపు తెరిచి, అంచున తాళం దగ్గర ఉండే చిన్న మీటను చూడండి. అదే చైల్డ్ లాక్. బాబు కూర్చునే వైపు దాన్ని ఈరోజే వేసేయండి.

మామగారికి మరొకటి చేయండి. తలుపు పైన, సీలింగుకు ఉండే పట్టుకొమ్మ బేస్ మోడళ్లలో కొన్నిసార్లు వెనకవైపు ఉండదు. ఉండాల్సిన చోట గుండ్రటి మూతలు రెండు కనబడితే వాటి కింద మరలు తిరిగిన రంధ్రాలు సాధారణంగా సిద్ధంగా ఉంటాయి. టాప్ మోడల్ పట్టుకొమ్మ తెచ్చి రెండు స్క్రూలు బిగిస్తే అయిపోతుంది. తీగా లేదు, కంప్యూటరూ లేదు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి దిగేటప్పుడు అది ఎంత ఆసరాయో మా నాన్నను చూసి నేర్చుకున్నాను.

వెనక వైపర్ మీకు నిజంగా అవసరం. డిక్కీ నిలువుగా తెగినట్టుండే చిన్న కార్లలో, నడుస్తున్నప్పుడు గాలి వెనక సుడి తిరిగి దుమ్మును అద్దానికి కొడుతుంది. మీ దారిలో సాయంత్రానికి వెనక ఏ బండి వస్తోందో కనబడనంత పేరుకుంటుంది. అయితే కొనే ముందు ఒకటి చూడాలి. కొన్ని మోడళ్లలో వైపర్ ఇరుసు డిక్కీ రేకులోంచి వస్తుంది, కొన్నింటిలో అద్దంలోని రంధ్రంలోంచి వస్తుంది. మీ అద్దానికి రంధ్రం లేకపోతే అద్దం మార్చాలి. గట్టిపరచిన అద్దానికి తర్వాత రంధ్రం వేయలేము, డ్రిల్లు తగలగానే చిన్న చిన్న ముక్కలుగా పగిలిపోతుంది. నీళ్లు చిమ్మే సన్నని పైపు ముందు ట్యాంకు నుంచి వెనకదాకా రావాలి, ముందూ వెనకా రెండిటికీ చిమ్మే మోటారు కావాలి, స్టీరింగు పక్కనుండే కాడ మారాలి. డిక్కీ వైరింగు నంబరు టాప్ మోడల్‌తో కలిస్తే, రంధ్రం కూడా ఉంటే, చేయించండి. లేకపోతే ఒక సీసా నీళ్లు, మెత్తటి గుడ్డ డిక్కీలో పెట్టుకుని బడి వదిలాక ఒకసారి తుడుచుకోండి. రెండు నిమిషాలు పడుతుంది.

డీఫాగర్ ఎర్ర గీతలు అద్దంలోనే అచ్చువేసి వస్తాయి, కాబట్టి అదీ అద్దం మార్చే పనే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లాలో దానికోసం అద్దం మార్చవద్దు. వైపర్ కోసం ఎలాగూ అద్దం మార్చాల్సి వస్తే మాత్రం గీతలున్న అద్దమే తీసుకోండి, అప్పుడు రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి.

ఫాగ్ ల్యాంపులు మనకు ఎందుకు? మంచు కమ్మే ఉదయాలు ఏడాదిలో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. రాత్రి దారి సరిగా కనబడటం లేదనేదే బాధ అయితే దానికి మందు హెడ్‌లైట్ల దగ్గర ఉంది. గోడకు ఎదురుగా బండి పెట్టి రెండు వెలుగులూ ఒకే ఎత్తున పడుతున్నాయో లేదో చూపించండి. స్టీరింగు కుడివైపు కింద సున్నా నుంచి పైకి అంకెలున్న చక్రం చాలా బళ్లలో ఉంటుంది. వెనక బరువు ఎక్కినప్పుడు వెలుగు ఆకాశానికి లేవకుండా దించేది అదే. 'పవర్ బల్బు వేస్తాం' అంటే మాత్రం ఒప్పుకోవద్దు. మామూలు బల్బు 60 వాట్లు, రెండిటికీ కలిపి 120, అంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. 100 వాట్ల బల్బులు రెండు వేస్తే దాదాపు 17 ఆంపియర్లు. పదికి తయారుచేసిన స్విచ్చిలోంచి పదిహేడు పారితే అది ఎన్నాళ్లు ఉంటుంది? ఎల్‌ఈడీ బల్బులదీ ఇలాంటి కథే. హెడ్‌లైటు లోపలి గిన్నె అద్దాన్ని, మామూలు బల్బులో దారం వెలిగే చోటును బట్టి మలుస్తారు. వెలుగు పుట్టే చోటు రవ్వంత మారినా అది దారి మీద పడకుండా చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది. ఎదుటివాడు కళ్లు చిట్లించుకుని మీ వైపే వస్తాడు.

అల్లాయ్ చక్రాలు అందం. మన గుంతల్లో ఇనుప రిమ్ము వంగితే సుత్తితో సరిచేస్తారు, అల్లాయ్ పగిలితే పారేయడమే. అయినా ఇష్టమైతే టాప్ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన కొలతే వేయండి. ఉదాహరణకు ఒక ప్రసిద్ధ చిన్న కారులో బేస్‌కు 165/80 ఆర్ 14, టాప్‌కు 185/65 ఆర్ 15 టైర్లు వస్తాయి. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలు. రిమ్ముకు రెండు గోడలు కలిపితే చక్రం ఎత్తు. లెక్క వేస్తే మొదటి చక్రం ఎత్తు 619.6 మిల్లీమీటర్లు, రెండోది 621.5. రిమ్ము అంగుళం పెరిగినా టైరు గోడ తగ్గింది, మొత్తం ఎత్తులో 2 మిల్లీమీటర్ల తేడా కూడా లేదు. అందుకే స్పీడు మీటరు సరిగ్గా చూపుతుంది, టైరు ఎక్కడా రాచుకోదు. షాపువారు 16 అంగుళాలు చూపిస్తే ఈ లెక్క మీరే వేసి చూడండి, టీచరుకు నేను చెప్పనక్కరలేదు. ఇప్పుడున్న టైర్లు అరిగే దాకా మాత్రం ఆగండి. నాలుగు నెలల టైర్లను సగం ధరకు ఇచ్చేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

కరెంటుతో కదిలే పక్క అద్దాలు మీరూ మీ వారూ మార్చి మార్చి నడిపితేనే ఉపయోగం. ఒక్కరే నడిపితే పుల్లతో ఒకసారి సర్దుకుంటే అలాగే ఉంటుంది.

మీరు అడగనివి రెండు చెబుతాను. బేస్ మోడళ్లలో చాలావాటికి వెనక బళ్లను చూసే లోపలి అద్దం సాదాది. కింద చిన్న మీట ఉండి, రాత్రి వెనక లైట్ల తాకిడి తగ్గించేలా వంగే అద్దం చాలా చవకలో వస్తుంది, మార్చడం ఐదు నిమిషాల పని. 95 వేల లిస్టులో దీన్ని ఎవరూ రాయలేదు, ఎందుకంటే ఇందులో వారికి మిగిలేది లేదు. రెండోది డ్రైవరు సీటు ఎత్తు. స్టీరింగు పట్టుకుని కూర్చున్నప్పుడు బానెట్ అంచు మీకు కనబడుతోందా? కనబడకపోతే ఎత్తు సర్దుకునే సీటు అన్నింటికన్నా ముందు కావాలి. మధ్య మోడల్ సీటు చాలా బళ్లలో అవే నాలుగు బోల్టుల మీద కూర్చుంటుంది. పక్క ఎయిర్‌బ్యాగు ఉన్న టాప్ మోడల్ సీటు మాత్రం తెచ్చుకోవద్దు. కంపెనీ సెంటరులోనే మార్పించండి, సీటు కింద బెల్టు మోతకు సంబంధించిన కప్లరు ఉంటుంది. దిండు వేసుకుని మాత్రం నడపకండి. గట్టిగా బ్రేకు వేస్తే అది కింద జారి, బెల్టు నడుము నుంచి కడుపు మీదికి వస్తుంది.

వారంటీ మాటకొస్తే, షోరూము వారు భయపెట్టినంతా నిజం కాదు, షాపువారు తేలిగ్గా కొట్టిపారేసినంతా నిజం కాదు. కంపెనీ సొంత యాక్సెసరీల పుస్తకంలో ఉన్నది, వారి సెంటరులోనే బిగించి, బిల్లు ఇస్తే వారంటీకి ఢోకా లేదు. మీ మోడల్‌కు ఆ పుస్తకంలో స్క్రీను, కెమెరా ఉన్నాయేమో మొదట అడగండి. ధర కాస్త ఎక్కువే, అయినా ఆ రెండింటికి అక్కడే పెట్టండి. బయట చేయించి తీగ కోయిస్తే, తర్వాత కరెంటుకు సంబంధించి ఏ జబ్బు వచ్చినా ఆ కోతనే చూపించి చేతులెత్తేస్తారు. అప్పుడు వాదించే బలం మనకు ఉండదు. బెంగళూరు జేసీ రోడ్డులో కొత్త సామానూ దొరుకుతుంది, విప్పిన సామానూ దొరుకుతుంది. పట్టుకొమ్మ, అద్దం, డిక్కీ పలక లాంటివి విప్పినవి తెచ్చుకున్నా తప్పులేదు. కరెంటు సామాను అయితే కప్లరు లోపల పచ్చటి తుప్పు ఉందేమో చూడండి, ఉంటే అది నీళ్లలో మునిగిన బండిది.

చట్టం గురించి మీరు అడగలేదు కానీ మరిది వింటే మంచిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మీ లిస్టులో అలా రంగు, ఇంధనం, సీట్ల సంఖ్య మార్చేవి లేవు, భయపడకండి. ముందు బంపరుకు ఇనుప గార్డు 'ఉచితం' అంటే మాత్రం తీసుకోవద్దు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని వద్దంది, ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగు సెన్సారును అవి మోసం చేస్తాయి కూడా.

బీమా కంపెనీకి స్క్రీను, కెమెరా బిల్లులు పంపి పాలసీలో రాయించండి. కంపెనీతో రాని కరెంటు సామానుకు దాని విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం పాతకాలపు టారిఫ్ నుంచి ఉన్న పద్ధతి. 30 వేల సామానుకు ఏడాదికి 1,200. రాయించకపోతే దొంగ ఎత్తుకెళ్లినా, బండి దెబ్బతిన్నా దానికి పైసా రాదు.

పల్లె నుంచి వచ్చేటప్పుడు డిక్కీలో వేరుశనక్కాయల మూట వేసుకొచ్చే అలవాటుంటే, అదేరోజు దించి గింజ మిగలకుండా ఊడ్చండి. కాయల వాసనకు వచ్చిన ఎలుక కాయలు అయిపోయాక తీగలు కొరుకుతుంది. మన జిల్లాలో నా చేతికి వచ్చే కరెంటు కేసుల్లో అది మామూలు సంగతి.

అడ్వాన్సు 5 వేలు గురించి గొడవ పడవద్దు. సామాను ఇంకా తెప్పించకపోతే మర్యాదగా వెనక్కి అడగండి. ఇవ్వకపోతే అంత విలువకు సీటు కవర్లో, నేల మీద పరిచే మ్యాట్లో తీసుకోండి. డ్రైవరు వైపు మ్యాటు మాత్రం కొక్కేనికి తగిలేదే తీసుకోవాలి, జారి పెడల్ కిందికి పోకూడదు.

రెండో శనివారం పార్టుల కౌంటరుకు వెళ్లి ఆ నాలుగు వైరింగు నంబర్లు రాయించుకోండి. స్క్రీను బిగించే రోజు మీరో మీ వారో పక్కనే కూర్చోండి. డ్యాష్‌బోర్డు మూసే ముందు లోపల ఏ కప్లరు దేనికి తగిలిందో, ఫ్యూజు ఎక్కడ పెట్టారో ఫోనుతో నాలుగు ఫోటోలు తీసుకుని, ఆర్.సి. కాగితం ఫోటో పక్కనే దాచుకోండి. ఐదేళ్ల తర్వాత ఆ బండి ఏ ఎలక్ట్రీషియన్ చేతికి వెళ్లినా, అతను మొదట అడిగేది అదే.